విశాఖ నుంచి విదేశాలకు ఇంగ్లిష్ టీచర్‌గా: వీసా ఏది, ఇంటద్దె ఎంత, చేతికి మిగిలేది ఎంత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్, బీఎడ్. గాజువాకలో సీబీఎస్ఈ స్కూల్లో నాలుగేళ్ల అనుభవం, జీతం ₹28,000. భర్త, మూడేళ్ల బాబు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ₹2.5 లక్షలు కట్టమంటున్నారు. వియత్నాంలో నెలకు ₹1.2 లక్షల ఉద్యోగం గ్యారంటీ, ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడికి వెళ్లాక మార్పిస్తాం అంటున్నారు. ఈలోగా దుబాయ్‌లో ఒక ఇండియన్ స్కూల్ నుంచి 5,000 దిర్హాముల ఆఫర్ వచ్చేలా ఉంది. కుటుంబంతో వెళ్లాలనుకుంటున్నారు. ఏది నయం?

వియత్నాం పేరుతో అడుగుతున్న డబ్బు కట్టకండి. దుబాయ్ ఆఫర్‌ను వదులుకోనక్కర్లేదు. అయితే బేసిక్ ఎంతో, ఇల్లు ఎవరిస్తారో కాగితం మీద చూడకుండా సంతకం పెట్టొద్దు. మొదటి ఏడాది మాత్రం ముగ్గురూ కలిసి వెళ్లే లెక్క కుదరదు. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు పాస్‌పోర్టు సంగతి. ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగాలకు చాలా దేశాలు మన చదువు కంటే ముందు పాస్‌పోర్టు చూస్తాయి. దక్షిణ కొరియా ఈ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా పౌరుల కోసం పెట్టినది. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందంలో మన టీచర్లకు సహాయక పోస్టుల దాకా ఒక సన్నని దారి ఉంది గానీ, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు. చైనాలో చట్టబద్ధంగా పనిచేయాలంటే జెడ్ వీసా, దాని వెనక వర్క్ పర్మిట్ ఉండాలి. ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగానికి ఆ పర్మిట్ మన పాస్‌పోర్టుకు దొరకడం చాలా కష్టం. బిజినెస్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో క్లాసులు చెప్పిస్తామనే వాళ్లు మిమ్మల్ని డిపోర్టేషన్ అంచున నిలబెడుతున్నట్టే. ఇంగ్లండ్ 2023 ఫిబ్రవరి నుంచి మన టీచర్లకు కూడా క్యూటీఎస్ (అక్కడి టీచరు అర్హత గుర్తింపు) దారి తెరిచింది. కానీ మన దేశం నుంచి లెక్కలు, సైన్స్, విదేశీ భాషలు చెప్పేవాళ్లకే అది వర్తిస్తుంది. ఇంగ్లిష్ సబ్జెక్టు అందులో లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఫీజులు కట్టి పోగొట్టుకోకండి.

ఇవి పోగా మీ చదువుకు నిజంగా తలుపు తెరిచి ఉన్నవి గల్ఫ్, మాల్దీవులు, థాయ్‌లాండ్, కొంతమేరకు వియత్నాం, జపాన్, ఇంకా అమెరికా జే-1 టీచర్ వీసా. గల్ఫ్‌లో, మాల్దీవుల్లో మీ బీఎడ్‌కు నిజమైన విలువ ఉంది. వాళ్లకు కావలసింది యాస కాదు, సిలబస్ పూర్తి చేసి బోర్డు పరీక్షకు పిల్లల్ని తయారుచేసే టీచర్.

దేశం ఏదైనా పని మొదలయ్యేది సర్టిఫికెట్లతోనే. ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే. ఈ రాత్రే బీరువాలోంచి ఫైలు తీసి చూడండి. మన ఇళ్లలో డిగ్రీ రాగానే లామినేషన్ చేయించడం అలవాటు. అటెస్టేషన్, అంటే సర్టిఫికెట్ అసలైనదేనని అధికారులు వేసే ధ్రువీకరణ ముద్రలు, ఒరిజినల్ వెనకవైపే పడతాయి. ప్లాస్టిక్ మీద ఇంకు నిలవదు, స్టిక్కర్ అతకదు. అందుకే లామినేట్ చేసిన సర్టిఫికెట్ తీసుకోరు. ఇస్త్రీపెట్టె వేడితో ఆ పొర ఊడదీసే ప్రయత్నం చేయకండి. అక్షరాలు కూడా పొరతో పాటే లేచి వస్తాయి. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో డూప్లికేట్‌కు అప్లై చేయడమే మార్గం, దానికి వారాలు పడుతుంది. ప్రొవిజనల్ మాత్రమే ఉండి ఒరిజినల్ డిగ్రీ తీసుకోకపోతే దానికీ ఇప్పుడే అప్లై చేయండి. అటెస్టేషన్‌కు ఓడీ కావాలి, ప్రొవిజనల్ సరిపోదు.

తర్వాత పేరు. టెన్త్ మార్కుల మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఒక్క అక్షరం ఇనీషియల్‌గా మారుతుంది, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు చేరుతుంది, పాస్‌పోర్టులో ఇంకోలా పడుతుంది. మనకు అందరూ ఒకే మనిషి. విదేశంలో ఫైలు చూసే గుమస్తాకు ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ రెండు గడులూ నిండి ఉండాలి. పేరంతా ఒకే పదంగా ఒకే గడిలో ఉన్న పాస్‌పోర్టును యూఏఈ 2022 నవంబరు నుంచి విజిట్ వీసాకు ఒప్పుకోవడం లేదు. తేడా చిన్నదైతే ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ సరిపోవచ్చు. ఇంటిపేరే మారితే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో రీ-ఇష్యూ చేయించుకుని, ఆ తర్వాతే వీసా పనులు మొదలుపెట్టండి. ఈ వరుస తప్పితే పాత పాస్‌పోర్టు నంబరుతో వచ్చిన పోలీస్ క్లియరెన్స్ (పీసీసీ), ఆఫర్ లెటర్, వీసా అన్నీ మళ్లీ చేయించుకోవాలి.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో అప్లై చేసి మర్రిపాలెంలోనే తీసుకుంటారు. ఫీజు ₹500. చాలా దేశాలు ఆరు నెలల లోపుది, కొన్ని స్కూళ్లు మూడు నెలల లోపుది అడుగుతాయి. కాబట్టి ఆఫర్ చేతికి రాకముందే తొందరపడి తీసుకోవద్దు. పాస్‌పోర్టులో శ్రీకాకుళం అడ్రసు ఉండి మీరు గాజువాకలో ఉంటున్నట్టయితే ఆలస్యం అవుతుంది. అప్లికేషన్‌లో ఇప్పటి అడ్రసు నిజంగా ఉన్నదే రాయండి.

ఇక అటెస్టేషన్. మన దేశం 2005 నుంచి హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉంది; అపోస్టిల్ అంటే అందులోని దేశాలన్నీ ఒప్పుకునే ఒకే ధ్రువీకరణ ముద్ర. వెళ్లే దేశం కూడా అందులో ఉంటే రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ వేస్తే పని అయిపోతుంది. అపోస్టిల్‌కు ప్రభుత్వ ఫీజు పత్రానికి ₹50 మాత్రమే, మిగతా ఖర్చంతా సర్వీసు ఛార్జీలే. జపాన్, ఒమన్, బహ్రెయిన్ ఈ ఒప్పందంలో ఉన్నాయి. సౌదీ 2022 డిసెంబరు నుంచి ఉంది. యూఏఈ, కువైట్, ఖతర్ లేవు. వాటికి విదేశాంగ శాఖ ముద్ర తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర, అక్కడ దిగాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కూడా పడాలి. ఏజెన్సీలు అన్నీ కలిపి సర్టిఫికెట్‌కు పది వేలకు అటూ ఇటూ తీసుకుంటాయి, నెల నుంచి నెలన్నర పడుతుంది. రసీదు మీద సర్టిఫికెట్ నంబరు రాయించుకోకుండా ఒరిజినల్ ఇవ్వకండి. బీఎడ్ గానీ ఎంఏ గానీ దూరవిద్యలో చేసి ఉంటే స్కూల్‌కు మొదటి మెయిల్‌లోనే చెప్పండి. యూఏఈ డిగ్రీ గుర్తింపులో చదివిన పద్ధతి అడుగుతారు. అన్నీ అయ్యాక తెలిస్తే నియామకం ఆగిపోతుంది.

అనుభవం సర్టిఫికెట్ కూడా మన ప్రైవేటు స్కూళ్లు ఇచ్చే మూడు లైన్ల కాగితంలా ఉంటే పనికిరాదు. లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, ఏ తరగతులు, ఏ సబ్జెక్టు, ఏ బోర్డు, వారానికి ఎన్ని పీరియడ్లు, ప్రిన్సిపాల్ సంతకం, స్కూల్ అఫిలియేషన్ నంబరు ఉండాలి. జీతంలో కొంత చేతికిచ్చే స్కూల్ అయితే బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్ ఆ అనుభవానికి రుజువు. అవి లేని ఏళ్లను ఎక్కువ స్కూళ్లు లెక్కలోకి తీసుకోవు.

ఇప్పుడు దుబాయ్ 5,000. ఇండియన్ కరికులం స్కూళ్లలో 3,500 నుంచి 6,000 దిర్హాములు, బ్రిటిష్ కరికులం స్కూళ్లలో అంతకు రెట్టింపు, ఇంకా పైన ఉంటుంది. కాబట్టి మీకొచ్చిన అంకె తక్కువేమీ కాదు. కానీ ఆ 5,000 లోపల ఏముందో చూడాలి. సాధారణంగా బేసిక్ 2,500, ఇంటి అలవెన్సు 1,500, రవాణా 500, ఇతరత్రా 500 అని విడగొడతారు. మీరు తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే. ఏడాది నిండితే హక్కు వస్తుంది, మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన 30 రోజులది. బేసిక్ 2,500 అయితే ఏడాదికి 1,750 దిర్హాములు, మూడేళ్లకు 5,250. అదే మొత్తం జీతంలో బేసిక్ 4,000గా రాయించుకోగలిగితే మూడేళ్లకు 8,400. స్కూల్‌కు నెల జీతంలో ఒక్క దిర్హం పెరగదు, మీకు మాత్రం 3,150 తేడా, అంటే దిర్హం ₹24 చొప్పున ₹75,000 పైన. ఆఫర్ ఖరారయ్యే ముందు ఒక్క మెయిల్‌తో అడగవలసిన విషయం ఇది. చేరాక అడిగితే ఎవరూ మార్చరు.

ఇల్లు. విశాఖలో రెండు మూడు నెలల అడ్వాన్సు ఇచ్చి నెలనెలా అద్దె కట్టడం మనకు అలవాటు. దుబాయ్‌లో అద్దె ఏడాదికి చెబుతారు, ముందు తేదీలతో చెక్కులు రాసిస్తారు. చిన్న స్టూడియో ఏడాదికి 45,000 అనుకుందాం. నాలుగు చెక్కులైతే మొదటిది 11,250. డిపాజిట్ ఫర్నిచర్ లేకపోతే ఐదు శాతం, ఉంటే పది శాతం. బ్రోకర్‌కు ఐదు శాతం. అద్దె ఒప్పందాన్ని ఎజారీలో (అక్కడి ప్రభుత్వ అద్దె రిజిస్టరు) నమోదు చేయించాలి, కరెంటు-నీళ్ల సంస్థ దేవా అపార్ట్‌మెంటుకు 2,000 డిపాజిట్ తీసుకుంటుంది. అన్నీ కలిపితే తాళంచెవి చేతికి రావడానికి 18,000 దిర్హాములు దాటుతుంది, అంటే మూడున్నర నెలల జీతం. ఏడాది అద్దెలో మరో ఐదు శాతం హౌసింగ్ ఫీజుగా దేవా బిల్లులో నెలనెలా కలుస్తుంది. ఈ సంగతి చాలామందికి మొదటి బిల్లు వచ్చేదాకా తెలియదు. చెక్కు వెనక్కి వస్తే కోర్టు ద్వారా వసూలు చేస్తారు, ప్రయాణ నిషేధం దాకా పోవచ్చు. కాబట్టి రాబోయే తేదీ చెక్కుకు డబ్బు ఖాతాలో ఉంచుకోగలిగితేనే సొంత ఇల్లు తీసుకోవాలి.

మీ కుటుంబంతో లెక్క వేద్దాం. అద్దె నెలకు 3,750, దేవా, ఇంటర్నెట్ కలిపి 500, ముగ్గురికి తిండి పొదుపుగా 1,500. ఇక్కడికే 5,750. బాబుకు, భర్తకు వీసా, ఆరోగ్య బీమా ఇంకా కలపలేదు. జీతం 4,000 ఉన్నా, 3,000తో పాటు వసతి ఉన్నా చట్టం కుటుంబాన్ని స్పాన్సర్ చేయనిస్తుంది. జీతం అంకె పరంగా మీకా అర్హత ఉంది. చట్టం ఒప్పుకున్నా జీతం చాలదు. అదే మీరు ఒక్కరే వెళ్లి షార్జాలోనో అల్ నహదాలోనో ఇద్దరు టీచర్లు పంచుకునే గదిలో ఉంటే అద్దె 1,200, తిండి 700, రాకపోకలు 350, ఫోన్ 150, ఇతర ఖర్చు 300. మొత్తం 2,700. మిగిలేది 2,300, అంటే ₹55,000. ఆదాయపు పన్ను లేదు. స్కూల్ వసతి ఇచ్చి అలవెన్సు ఇవ్వకపోతే, తగ్గే అలవెన్సును బయట గది అద్దెతో పోల్చి చూడండి. అప్పుడు గదిలో ఎంతమంది, వంటకు వీలుందా, స్కూల్ బస్సులో వెళ్లొచ్చా అని అడగండి. మొదటి ఏడాది ఒక్కరే వెళ్లి, భర్తకు అక్కడ ఉద్యోగం దొరికాక బాబును తీసుకెళ్లడం నా దృష్టిలో కుదిరే దారి. మూడేళ్ల బిడ్డను వదిలి ఉండడం ఎంత బరువో అంకెల్లో రాయలేం. ఆ నిర్ణయం మీ ఇంట్లో కూర్చుని తీసుకోండి, ఏజెంటు ముందు కాదు.

వీసా దశలు యూఏఈలో స్పష్టంగా ఉంటాయి. కార్మిక శాఖ ఫార్మాట్‌లో ఆఫర్ లెటర్ వస్తుంది, సంతకం తర్వాత ఎంట్రీ పర్మిట్, దిగాక రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఎమిరేట్స్ ఐడీ వేలిముద్రలు, చివరికి రెండేళ్ల రెసిడెన్సీ. దుబాయ్ ప్రైవేటు స్కూల్ టీచర్‌కు అక్కడి విద్యా నియంత్రణ సంస్థ కేహెచ్‌డీఏ అనుమతి, అబుదాబిలో అలాంటి సంస్థే అయిన అడెక్ అనుమతి విడిగా ఉంటాయి. ఎప్పుడైనా టీబీ వచ్చి తగ్గి ఉంటే ఇక్కడే ఎక్స్‌రే తీయించుకుని డాక్టరుకు చూపించండి. ఊపిరితిత్తి మీద పాత మచ్చ కనిపించినా ఫిట్‌నెస్ ఆగిపోవచ్చు. వీసా ఖర్చు, నియామక ఖర్చు ఉద్యోగి నుంచి రాబట్టడం 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం నిషిద్ధం. జీతంలో నెలకింత కోసుకుంటామంటే ఒప్పుకోవద్దు. పాస్‌పోర్టు దాచిపెట్టుకునే హక్కు కూడా స్కూల్‌కు లేదు. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ సమయంలో తీసేయాలన్నా 14 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు దేశం వదిలి రావాలన్నా 14 రోజులే, అక్కడే ఇంకో స్కూల్‌కు మారాలంటే నెల నోటీసు. విజిట్ వీసా మీద వచ్చి క్లాసులు మొదలుపెట్టమనే స్కూల్‌కు 2024లో సవరించిన చట్టం ప్రకారం లక్ష నుంచి పది లక్షల దిర్హాముల జరిమానా ఉంది. అంత ప్రమాదానికి సిద్ధపడిన యాజమాన్యం మీ జీతం విషయంలో నిజాయితీగా ఉంటుందని నమ్మడానికి లేదు.

థాయ్‌లాండ్ గురించి కూడా ఏదో ఒక రోజు మీకు ఫోన్ వస్తుంది, అందుకే చెబుతున్నాను. నాన్-ఇమ్మిగ్రెంట్ బి వీసా 90 రోజులకు వస్తుంది, స్కూల్ వర్క్ పర్మిట్ తీశాక 1,900 బాత్‌లు కట్టి ఏడాదికి పొడిగిస్తారు. మనవాళ్లు ఇంగ్లిష్ పరీక్ష స్కోరు చూపాలి, టోయిక్ పరీక్ష అయితే 600 ఉండాలి. అక్కడి టీచర్ల మండలి కురుసపా లైసెన్సుకు బీఎడ్ బాగా పనికొస్తుంది. ప్రతి 90 రోజులకూ అడ్రసు రిపోర్టు చేయాలి, సెలవుల్లో ఇంటికొచ్చే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. అది లేకుండా విమానం ఎక్కితే వీసా అక్కడికక్కడే రద్దు. వీసా గడువు దాటితే రోజుకు 500 బాత్‌లు, గరిష్ఠంగా 20,000.

డబ్బు దగ్గర చూడవలసింది నెలల సంఖ్య. థాయ్ బడి మే నడుమ మొదలై మార్చి మొదట్లో ముగుస్తుంది. ఏజెన్సీ కాంట్రాక్టులు తరచూ పది నెలలకే జీతమిస్తాయి. 25,000 బాత్‌లు పది నెలలు అంటే పన్నెండు నెలలకు సర్దితే 20,800. గది 5,500, కరెంటు, నీళ్లు 1,200 (అపార్ట్‌మెంటు యజమానులు యూనిట్‌కు ఏడెనిమిది బాత్‌లు వేస్తారు, ఏసీ వాడకం చూసుకోండి), తిండి 6,000, మిగతావన్నీ 3,400. మిగిలేది 4,700 బాత్‌లు, ₹13,000 దగ్గర. దిగగానే రెండు నెలల డిపాజిట్, ఒక నెల అద్దె కలిపి 16,500 కట్టాలి. మంచి దేశం, మంచి పిల్లలు, కానీ అప్పు తీర్చుకోవడానికి వెళ్లే చోటు కాదు.

వియత్నాంలో వర్క్ పర్మిట్‌కు డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పీసీసీ, అక్కడి ఆసుపత్రిలో ఆరోగ్య పరీక్ష కావాలి. డిగ్రీ, పీసీసీ ఇక్కడే ధ్రువపరిపించుకుని వెళ్లాలి. టూరిస్ట్ వీసా మీద దిగి ఒరిజినల్స్ వెనక్కి కొరియర్ చేసి ఇక్కడ అటెస్ట్ చేయించడానికి నెలలు పడుతుంది. ఈ-వీసా గడువు 90 రోజులే. ఈలోగా పనిచేస్తే అక్రమం, పనిచేయకపోతే జీతం లేదు. 'అక్కడికెళ్లాక మార్పిస్తాం' అనే మాట వెనక ఉన్న పరిస్థితి ఇది. పన్ను చూడండి: ఏడాదిలో 183 రోజులు నిండేదాకా నాన్-రెసిడెంట్ కింద 20 శాతం కోస్తారు. ₹1.2 లక్షల్లో ₹24,000 పోయింది. అద్దె ₹30,000, మిగతా ఖర్చు ₹30,000. మిగిలేది ₹36,000. ఏజెంటుకు కట్టిన ₹2.5 లక్షలు రాబట్టుకోవడానికే ఏడు నెలలు. అదీ నెలనెలా పూర్తి గంటలు దొరికితే. అక్కడి ఇంగ్లిష్ కోచింగ్ సెంటర్లు జీతం ఎక్కువగా గంటల లెక్కన ఇస్తాయి. కాంట్రాక్టులో నెలకు కనీసం ఇన్ని గంటలని రాసి లేకపోతే ఆ ₹1.2 లక్షలు మాటల్లోనే ఉంటాయి.

ఏజెంటు ఫీజు విషయం కూడా తెలుసుకోండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగేది గరిష్ఠంగా ₹30,000, దానిపై జీఎస్టీ. ₹2.5 లక్షలు అడుగుతున్నారంటేనే ఆ చట్టం దాటారు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సు ఉందో లేదో, సస్పెండ్ అయిందో రెండు నిమిషాల్లో చూడొచ్చు. స్టూడెంట్ వీసాల బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఉద్యోగానికి పంపే అధికారం రాదు. టెన్త్ పాసైన మీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు. అంటే విమానాశ్రయంలో మిమ్మల్ని ఆపి ఈ ఆఫర్ నిజమా అని పరిశీలించేవాళ్లు ఉండరు. జాగ్రత్త మొత్తం మీ చేతిలోనే. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుంది కదా, డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు తీసుకెళ్లిన మన కుర్రాళ్లతో సైబర్ మోసాలు చేయించారు. ఆగ్నేయాసియాకు టూరిస్ట్ వీసా, అక్కడికెళ్లాక ఉద్యోగం అనగానే మన ఊరివాళ్లు భయపడటంలో తప్పు లేదు.

మాల్దీవుల్లో మన టీచర్లు ఎప్పటి నుంచో ఉన్నారు, అక్కడి విద్యాశాఖే నియమిస్తుంది. దీవి బడిలో అయితే ఖర్చు తక్కువ. సర్టిఫికెట్లను వాళ్ల అర్హతల సంస్థ విడిగా పరిశీలిస్తుంది. చిక్కంతా డబ్బు ఇంటికి పంపడంలో. జీతం రుఫియాల్లో వస్తుంది, అధికారిక రేటు డాలరుకు 15.42. కానీ బ్యాంకు నెలకు పంపనిచ్చే డాలర్లకు పరిమితి ఉంది, దాన్ని తగ్గిస్తూ వచ్చారు. మిగతాది బయట కొనాలంటే రేటు మండిపోతుంది. జీతం డాలర్లలోనా, రుఫియాల్లోనా, ఈ నెల పరిమితి ఎంత అని చేరబోయే దీవిలో ఇప్పుడు పనిచేస్తున్న టీచరునే అడగండి.

జపాన్‌లో బడుల్లో చెప్పడానికి ఇన్‌స్ట్రక్టర్ వీసాకు పన్నెండేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు రుజువు కావాలి. మీరు టెన్త్ దాకా తెలుగు మీడియం అయితే ఆ దారి మూసుకున్నట్టే. అద్దె ఇంటికి డిపాజిట్, ఇంటివాడికి తిరిగిరాని కానుక, ఏజెంటు ఫీజు, పూచీ సంస్థ ఫీజు కలిపి నాలుగైదు నెలల అద్దె ముందే పెట్టుకోవాలి. రెండో ఏడాది నుంచి నివాస పన్ను అదనం.

అమెరికా జే-1 టీచర్ వీసా గురించి మీరు అడగలేదు గానీ, దుబాయ్ నిర్ణయంతో ముడిపడి ఉంది కాబట్టి చెప్పాలి. డిగ్రీతో పాటు రెండేళ్ల బోధనానుభవం, అప్లై చేసే నాటికి సొంత దేశంలో టీచరుగా పనిచేస్తూ ఉండటం దానికి షరతులు. మీరు దుబాయ్‌లో ఉండగా ఈ చివరి షరతు దగ్గర చిక్కు రావచ్చు. కాబట్టి అమెరికా మనసులో ఉంటే గాజువాక ఉద్యోగంలో ఉండగానే ప్రయత్నించడం మేలు. జీతం జిల్లా స్కేలు ప్రకారం అక్కడి టీచర్లతో సమానం. మూడేళ్లు, తర్వాత రెండేళ్లు పొడిగించే వీలు. లెక్కలు, సైన్స్, స్పెషల్ ఎడ్యుకేషన్‌కు ఉన్నంత గిరాకీ ఇంగ్లిష్‌కు లేదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 22వ అధికరణ టీచర్లకు మొదటి రెండేళ్ల వరకు ఫెడరల్ పన్ను మినహాయింపు ఇస్తుంది. దానికి ఫారం 8233 స్కూల్ పేరోల్‌కు ఇవ్వాలి, మూడేళ్ల కాంట్రాక్టుకు ఎలా వర్తిస్తుందో పన్ను నిపుణుణ్ణి అడిగే నింపాలి. కారు లేకుండా చాలా ఊళ్లలో బతకలేం. క్రెడిట్ చరిత్ర లేనందున ఇంటికి డిపాజిట్ ఎక్కువ అడుగుతారు. భర్తకు జే-2 (కుటుంబ సభ్యుల వీసా) మీద పని అనుమతికి అప్లై చేసే వీలుంది. కుటుంబంతో కలిసి ఉండాలన్న మీ కోరికకు ఈ దారే దగ్గరగా ఉంది.

దుబాయ్ స్కూల్‌కు రేపే మెయిల్ పెట్టండి. బేసిక్ ఎంత, వసతి ఇస్తారా అలవెన్సా, జూలై-ఆగస్టు సెలవులకు జీతం ఉంటుందా, ఏడాదికి విమానం టికెట్ ఎవరిది, మధ్యలో మానేస్తే ఏమైనా కట్టాలా, బాబుకు తర్వాత అదే స్కూల్లో ఫీజు రాయితీ ఎంత అని అడగండి. ఇండియన్ స్కూళ్ల విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. నియామకాలు జనవరి నుంచి మార్చి దాకా జోరుగా ఉంటాయి, కాబట్టి బేరం ఆడేందుకు మీకు సమయం ఉంది. జవాబులు ఫోన్లో చెబితే మర్యాదగా మెయిల్‌లో రాయమనండి. జవాబు వచ్చేలోగా డిగ్రీ, బీఎడ్‌లకు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ మొదలుపెట్టండి, ఏ గల్ఫ్ దేశానికైనా అది పనికొస్తుంది. ప్రయాణం ఖాయమయ్యాక మీ సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయానికి వాడే ఖాతా) మార్పించి, జీతం పంపుకోవడానికి ఎన్ఆర్ఈ (విదేశీ ఆదాయానికి వాడే ఖాతా) విడిగా తెరవండి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎన్ఆర్ఓ వడ్డీకి ఉంది. వియత్నాం వాళ్లకు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే, మిగతా పనులన్నిటికంటే ముందు వెళ్లి అవి వెనక్కి తెచ్చుకోండి.